శుక్రవారం కబుర్లు: కుండ తట్టి చూసినట్టు

దోహాలో నలుగురు తెలుగువాళ్ళు చేరిన చోట కెమెరా ప్రస్తావన వస్తే చాలు, ఒక ప్రశ్న నా వైపు తిరుగుతుంది. "ఫలానా కంపెనీ లెన్స్ చౌకలో వస్తోంది. మంచిదేనా? తీసుకోమంటారా?" నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: "కంపెనీ సంగతి సరే, మీ చేతికొచ్చిన ఆ పీసు చూశాక చెబుతాను." చాలామందికి ఇది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. కాదని చెప్పడానికే ఈ వారం కబుర్లు.

ముందు డబ్బు సంగతి. ఖతర్ రియాల్‌ని డాలరుకి 3.64 దగ్గర కట్టేశారు. 2001 నుంచి చట్టప్రకారం అదే లెక్క. నూట యాభై డాలర్ల లెన్స్ అంటే ఇక్కడ 546 రియాళ్ళు. వెస్ట్ బే టవర్లలో ఏసీ గదుల్లో పనిచేసేవాళ్ళకి అది కుటుంబంతో నాలుగుసార్లు హోటల్‌కి వెళ్తే అయిపోయే డబ్బు. 2021 మార్చిలో అమల్లోకి వచ్చిన కనీస వేతనం మాత్రం నెలకి 1000 రియాళ్ళు. వసతి, తిండి యజమాని ఇవ్వకపోతే వాటికి మరో 500, 300 ఇవ్వాలి. ఆ వెయ్యిలోంచే జగిత్యాలకో నిజామాబాద్‌కో డబ్బు పంపే మనిషికి ఈ "చౌక" లెన్స్ సగం నెల జీతం దాటిపోతుంది. చౌకే కదా, పోతే పోయిందిలే అనే మాట అందరూ అనగలిగేది కాదు. రెండోసారి కొనే స్తోమత లేనివాడే మొదటిసారి కొన్నదాన్ని ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి.

కెమెరా ఒక కంపెనీది, లెన్స్ ఇంకో కంపెనీది కావడం కొత్తేమీ కాదు. టామ్రాన్ 1950లో, సిగ్మా 1961లో మొదలైన జపాన్ సంస్థలు. 1970ల్లో అమెరికాలో వివిటార్ పేరుతో లెన్స్‌లు తెగ అమ్ముడుపోయేవి. ఆ కంపెనీకి సొంతంగా లెన్స్ ఫ్యాక్టరీయే లేదు. జపాన్‌లో వేర్వేరు చోట్ల చేయించుకుని పైన తన పేరు వేసుకునేది. సీరియల్ నంబరులో మొదటి రెండంకెలు చూస్తే అసలు చేసినవాళ్ళెవరో తెలిసిపోయేది: 22 అయితే కీనో, 28 అయితే కొమీనే, 37 అయితే టోకినా. పాత లెన్స్‌లు సేకరించేవాళ్ళు ఇప్పటికీ ఆ అంకెలు చూసే బేరమాడతారు. పైనున్న పేరు ఒకటే, చేసిన చేతులు వేరు.

ఇప్పుడు ఆ చౌక బేరమంతా చైనా కంపెనీలది. విల్‌ట్రాక్స్, టీటీఆర్టిసాన్, సెవెన్ ఆర్టిసాన్స్, మైకే, యోంగ్‌నువో. పదేళ్ళ కిందట ఇవి సొంత ఫోకస్ మోటారు లేని చిన్న చిన్న మాన్యువల్ లెన్స్‌లకీ, కెనాన్ యాభైని చూసి చేసిన నకళ్ళకీ పేరుపడ్డాయి. ఇప్పుడు ఆటోఫోకస్ లెన్స్‌లు కూడా నూట యాభై డాలర్ల లోపు ఇస్తున్నాయి. బొమ్మలు నిజంగానే బాగుంటున్నాయి. ఆ మాట మొదటే చెప్పేయాలి, లేకపోతే నేను చౌక లెన్స్‌ల మీద పగబట్టాననుకుంటారు.

మరి పీసు పీసుకీ తేడా ఎందుకంటారా? ఒక లెన్స్‌లో ఆరో ఏడో, ఒక్కోసారి పదిహేను దాకా గాజు బిళ్ళలుంటాయి. అన్నిటి నడుములూ ఒకే గీత మీద ఉండాలి. ఒక్క బిళ్ళ వెంట్రుకవాసి పక్కకి జరిగినా, కొద్దిగా ఒరిగినా ఫోటోలో ఒక పక్క మసకబారుతుంది. దీన్నే డీసెంటరింగ్ అంటారు. అమెరికాలో లెన్స్‌రెంటల్స్ అనే అద్దె సంస్థ పెట్టిన రోజర్ సికాలా ఒకే మోడల్ లెన్స్‌లని వరసగా యంత్రం మీద పెట్టి కొలిచి, ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవని ఏళ్ళ తరబడి రాశాడు. ఖరీదైనవీ అందుకు మినహాయింపు కాదు. సిగ్మా 2012లో కొత్త వరస లెన్స్‌లు మొదలుపెట్టినప్పుడు, ప్రతి పీసునీ ఏ1 అనే సొంత యంత్రం మీద కొలిచాకే బయటికి పంపుతామని చెప్పుకుంది. అంటే ఆ తనిఖీ కూడా అమ్మకానికి పెట్టిన సరుకే. దానికి మనుషులు కావాలి, యంత్రాలు కావాలి, తీసి పక్కన పడేసిన పీసుల నష్టం భరించాలి. లెన్స్ ధర మూడో వంతుకి దిగినప్పుడు ఆ ఆఖరి తనిఖీలో కొంత భాగం కొన్నవాడి నెత్తిన పడుతుందని నా లెక్క.

అందుకే కుండ సంగతి గుర్తుచేస్తాను. సంతలో కుండ కొనేవాళ్ళు కుమ్మరి పేరు అడిగి ఊరుకోరు. చేతిలోకి తీసుకుని వేలితో తట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు, బొంగురుగా మోగితే పక్కన పెడతారు. కుండ కొంచెం వంకరగా ఉందనో రంగు అంతటా ఒకలా లేదనో ఎవరూ వదిలేయరు. అది ఆ ధరకి ఒప్పుకున్న లోపం. పగులు మాత్రం ఒప్పుకున్నది కాదు. లెన్స్‌లోనూ లోపాలు రెండు రకాలు. డిజైన్‌లోనే ఉన్న లోపం ఆ మోడల్ పీసులన్నిటిలోనూ ఉంటుంది, మనం డబ్బు మిగుల్చుకున్నది దాన్ని భరించినందుకే. పీసులో ఉన్న లోపం మన ఒక్కరి పాలిట పడ్డ పగులు. ఈ రెండిటినీ విడదీయడమే చౌక లెన్స్‌ని చూడటమంటే. మిగతాదంతా కబుర్లే.

తట్టి చూడటానికి దోహా లాంటి ఊరు ఇంకోటి ఉండదేమో. రాత్రి మియా పార్కుకి వెళ్ళండి. ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం పక్కన సముద్రంలోకి వంగిన ఆ పార్కు నుంచి చూస్తే నీళ్ళకి అవతల వెస్ట్ బే టవర్లు వరసగా వెలుగుతుంటాయి. దూరంగా, కదలకుండా, చీకట్లో చుక్కల్లా దీపాలు. లెన్స్ పరీక్షకి ఇంతకంటే ఏం కావాలి? ట్రైపాడ్ లేకపోతే గట్టు గోడ మీద పెట్టండి. రెండు సెకన్ల టైమర్ వాడండి, వేలు తగిలి కెమెరా కదలకుండా.

అపెర్చర్ పూర్తిగా తెరవండి. స్క్రీన్ మీద పెద్దది చేసుకుని ఒక దీపాన్ని మధ్యలో చేత్తో ఫోకస్ చేయండి. ఆ తరవాత ఫోకస్ ముట్టుకోకుండా కెమెరాని తిప్పి అదే దీపాన్ని నాలుగు మూలల్లోకీ ఒక్కోసారి తెచ్చి ఒక్కో ఫోటో తీయండి. ఇంటికెళ్ళి నాలుగు మూలలూ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యతో పోల్చకండి, మూలల్ని మూలలతోనే పోల్చండి. నాలుగింటిలోనూ దీపం గబ్బిలం రెక్కల్లా సాగిందా? సాగనివ్వండి, అది డిజైన్. మూడింట్లో ఒకలా ఉండి నాలుగోదాంట్లో మాత్రం తోక పొడుగ్గా, మసగ్గా ఉందా? అది మీ పీసు. అనుమానం తీరకపోతే కెమెరాని తలకిందులు చేసి ఒక ఫోటో తీయండి. ఫ్రేములో అదే మూల మళ్ళీ మసకబారితే తప్పు లెన్స్‌దో కెమెరాదో. ఇంకో లెన్స్ పెట్టి చూస్తే ఆ రెండిట్లో ఏదో కూడా తేలిపోతుంది.

పగటిపూట ఈ పని పెట్టుకోకండి. మే నుంచి అక్టోబరు దాకా ఇక్కడ నేల మీంచి లేచే వేడికి గాలి నీళ్ళలా వణుకుతుంది. దూరంగా ఉన్నదేదైనా ఏ లెన్స్‌లో చూసినా మసకే. లక్షల ఖరీదు చేసే టెలిఫోటో కూడా మధ్యాహ్నం కార్నిష్ మీద పనికిమాలినదిలా కనిపిస్తుంది. ఇంకో సంగతి: ఎండాకాలంలో ఏసీ కారులోంచి దిగీ దిగగానే లెన్స్ మొహం మీద ఆవిరి కమ్ముకుంటుంది. తుడిస్తే మళ్ళీ కమ్ముతుంది. సంచి జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి, అప్పుడు తీయండి. ఈ రెండూ తెలియక మంచి లెన్స్‌ని తిట్టుకునేవాళ్ళు కొందరైతే, గాలి మీద నెపం వేసి చెడ్డ లెన్స్‌ని ఉంచుకునేవాళ్ళు కొందరు.

ఆటోఫోకస్‌కి వేరే పరీక్ష. ఎండ భరించలేకపోతే ఎడ్యుకేషన్ సిటీలో నేషనల్ లైబ్రరీ ఉంది. రెమ్ కూల్‌హాస్ డిజైన్, 2017లో తెరిచారు. పాలరాతి అరల్లో పుస్తకాలు మెట్లు మెట్లుగా పైకి వెళ్తుంటాయి. ఒక అరకి ఏటవాలుగా నిలబడి ఒక పుస్తకం వీపు మీది పేరుకి ఫోకస్ పెట్టండి. ఫోటో తీసినప్పుడల్లా ముందు దగ్గరగా ఉన్న దేన్నో ఫోకస్ చేసి, మళ్ళీ ఆ పేరు మీదకి రండి. అలా పది. పదిలో తొమ్మిది సరిగ్గా ఆ పేరు మీదే పడితే నిశ్చింత. ప్రతిసారీ పక్క పుస్తకం మీదే పడుతుంటే, పాత డీఎస్ఎల్ఆర్ అయితే కెమెరా మెనూలో సరిదిద్దే వీలు ఉందేమో చూడండి. ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి సరిగ్గా పడుతుంటే మాత్రం దిద్దేదేమీ లేదు, తిరిగి ఇచ్చేయండి. నిలకడగా తప్పేదాన్ని దారికి తేవచ్చు, నిలకడే లేనిదాన్ని ఎవరూ తేలేరు.

లైబ్రరీలో పుస్తకాలు కదలవు. మనుషులు కదులుతారు. బతుకమ్మ ఆడేచోట హాల్లో వెలుతురు తక్కువ, ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతుంటారు, ముఖం ఒక్క క్షణం మనవైపు ఉంటుంది. చౌక మోటారు అక్కడ తడుముకుంటుంది. అది డిజైన్ లోపమే, మార్చి ఇచ్చినా పోదు. మీరు తీసేది అలాంటి ఫోటోలే అయితే ఆ లెన్స్ మీకు వద్దు, పీసు ఎంత మంచిదైనా. పండిన పంటా, పిల్లవాడి ముఖమూ, భోజనాల పళ్ళెమూ తీసుకుంటానంటే భేషుగ్గా సరిపోతుంది. ఒక మాట మాత్రం మర్చిపోకండి: ఈ దేశంలో అడక్కుండా మనుషుల్ని ఫోటో తీస్తే కేసు కావచ్చు. పరీక్షల కోసం ఎవరి మీదకీ కెమెరా తిప్పకండి.

ఫర్మ్‌వేర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సోనీ తన ఈ-మౌంట్ ప్రాథమిక వివరాలని 2011లో వేరే కంపెనీలకి ఉచితంగా ఇచ్చింది. కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్ ఆటోఫోకస్ తలుపు 2024లో గానీ కాస్త తెరవలేదు. అదీ సిగ్మా, టామ్రాన్‌లకి, చిన్న సెన్సర్ కెమెరాల వరకే. అనుమతి లేనివాళ్ళు కెమెరా, లెన్స్ మాట్లాడుకునే భాషని బయటి నుంచి విని నేర్చుకుని లెన్స్ చేస్తారు. కెమెరా కంపెనీ ఆ భాషలో ఒక్క మాట మార్చితే లెన్స్ తెల్లమొహం వేస్తుంది. కాబట్టి లెన్స్ అడుగున యూఎస్‌బీ సాకెట్ ఉందా, లేకపోతే కెమెరా ద్వారానైనా ఫర్మ్‌వేర్ మార్చుకునే వీలుందా, ఆ కంపెనీ కిందటేడు ఏమైనా కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చిందా, ఈ మూడూ కొనకముందే అడగండి.

మిగతా పరీక్షలు పది నిమిషాల పని. ఫోన్ టార్చి వెనకనుంచి వేసి ముందునుంచి చూడండి. ఒకటి రెండు దుమ్ము రేణువులు కనిపిస్తే గాభరా పడొద్దు, ఫోటోలో అవి కనపడవు. సాలెగూడులాంటి గీతలుంటే అది ఫంగస్. సెకండ్ హ్యాండ్ లెన్స్‌లో అది కనిపిస్తే ధర ఎంతైనా వద్దు. కెమెరాకి బిగించి మెల్లగా తిప్పి చూడండి, మౌంట్ దగ్గర లొటలొట ఉండకూడదు. మాన్యువల్ లెన్స్ అయితే రింగుని చివరిదాకా తిప్పి చందమామని తీయండి. చంద్రుడు స్ఫుటంగా రాకముందే రింగు ఆగిపోతే దూరంగా ఉన్నదేదీ మీకు ఎప్పటికీ స్ఫుటంగా రాదు. చివరికి కాస్త ముందే స్ఫుటంగా వచ్చి తరవాత మళ్ళీ మసకబారితే పరవాలేదు, ఆ మాత్రం వదులు చాలా లెన్స్‌లకి ఉంటుంది. మౌంట్ చుట్టూ రబ్బరు పట్టీ లేకపోతే షమాల్ గాలి వీచే రోజున బయటికి తీయకండి. ఇక్కడి ఇసుక పిండిలా ఉంటుంది, రింగులో దూరిందంటే కరకరమంటూనే ఉంటుంది.

సముద్రపు గీతని ఫోటో పైఅంచుకి దగ్గరగా పెట్టి తీస్తే అది విల్లులా వంగవచ్చు. సూర్యుణ్ణి ఫ్రేముకి కాస్త బయట పెట్టి తీస్తే బొమ్మ మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర రావచ్చు. మూలలు నల్లబడవచ్చు. ఇవి మూడూ డిజైన్‌వే. గీతనీ మూలల్నీ సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, పొరకి చెయ్యి అడ్డం పెట్టుకున్నా చాలు. వీటికోసం లెన్స్ తిరిగి ఇవ్వడం వంకర కుండని కుమ్మరి మీదకి విసరడం లాంటిది.

ఈ తేడా తెలిస్తే ఏం ఒరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంపులో ఉండే జగిత్యాల తమ్ముడొకడు ఊరెళ్ళాక ఫోటో స్టూడియో పెట్టుకోవాలని శుక్రవారాల్లో పని నేర్చుకుంటున్నాడు. నాలుగు నెలలు దాచి ఒక లెన్స్ కొన్నాడు. ఫోటోల్లో కుడివైపు పైమూల ఎప్పుడూ మసగ్గానే ఉంటోందట. దుకాణానికి వెళ్తే కౌంటర్లో కుర్రాడు నవ్వి పంపించాడు. "చౌక లెన్స్ గట్లనే ఉంటదంటున్నడన్నా. నిజమేనా?" అన్నాడు నాతో. ఆ మాట నిజమో కాదో మాటలతో తేలదు. మియా పార్కులో నాలుగు ఫోటోలు తీశాం. మూడు మూలలు ఒకలా ఉన్నాయి, నాలుగోదాంట్లో దీపం తోకచుక్కలా సాగింది. కెమెరా తలకిందులు చేసినా అదే మూల. నా లెన్స్ అతని కెమెరాకి పెడితే ఆ తోక లేదు. ఆ ఫోటోలు ప్రింటు తీయించి ఇచ్చి, "ఇది చౌక లెన్స్ అవడం వల్ల వచ్చింది కాదు. చౌకవల్లే అయితే నాలుగు మూలలూ ఇలాగే ఉండాలి, అని చెప్పు తమ్ముడూ" అన్నాను.

చట్టం కూడా అతని పక్షానే ఉంది. ఖతర్‌లో 2008 నాటి 8వ నంబరు వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని మార్చి ఇవ్వమనో డబ్బు వెనక్కి ఇవ్వమనో అడగొచ్చు. వినకపోతే వాణిజ్య పరిశ్రమల మంత్రిత్వ శాఖ 16001 నంబరుకి ఫోన్ చేయొచ్చు. ఫోన్ దాకా వెళ్ళనక్కర్లేకపోయింది. మేనేజరు ఆ కాగితాలు రెండుసార్లు తిరగేసి చూసి కొత్త పీసు ఇచ్చాడు. దాంట్లోనూ మూలలు మెత్తగానే ఉన్నాయి, నాలుగూ సమానంగా. "గిప్పుడు సమజైందన్నా" అన్నాడు తమ్ముడు. అప్పట్నుంచి అతను ముఖాన్ని ఫ్రేము మధ్యకి కాస్త దగ్గరగా పెట్టి తీస్తున్నాడు. ఫోటోలు బాగుంటున్నాయి.

ఇంకొక్క లెక్క వేసుకోవాలి. వేరే కంపెనీది చౌక కదా అని వెళ్ళేముందు కెమెరా కంపెనీ సొంత చౌక లెన్స్ ధర కూడా చూడండి. కెనాన్ 2015లో తన 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఎస్‌టీఎంని లోహపు మౌంటుతో, చప్పుడు తగ్గిన మోటారుతో నూట పాతిక డాలర్ల చిల్లరకి తెచ్చింది. అంతకు కొద్దికాలం ముందే వచ్చిన యోంగ్‌నువో నకలు దానికంటే చౌక. కానీ ఊళ్ళో సర్వీసు, రేపు అమ్మితే వచ్చే ధర, కొత్త కెమెరాతో పేచీ లేకపోవడం కలిపి చూస్తే ఆ మిగిలే నాలుగు డబ్బులకి అర్థముందో లేదో ఎవరికివాళ్ళే తేల్చుకోవాలి. ఒక్కోచోట చైనా లెన్సే సరైన బేరం, ఎందుకంటే అలాంటి లెన్స్ కెమెరా కంపెనీ అసలు చేయదు, చేసినా మూడింతలు అడుగుతుంది.

చివరగా, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. మనవాళ్ళు ఊరికి తీసుకెళ్ళే లెన్స్‌ని ఫ్లైటు ముందురోజు సాయంత్రం కొంటారు. సబ్బులూ చాక్లెట్లూ కొనే వరసలో అదీ ఒకటి. పెట్టెలోంచి దాన్ని మొదటిసారి తీసేది కోరుట్లలోనో రాజంపేటలోనో తమ్ముడో మేనల్లుడో. మూల మసకబారిందని వాళ్ళు గమనించేసరికి నెల దాటుతుంది. దుకాణం రశీదు దోహాలో, లెన్స్ కోరుట్లలో, మీరు మళ్ళీ వెళ్ళేది రెండేళ్ళకి. చౌక లెన్స్‌లో మీకు మిగిలిన ఒకే ఒక్క హక్కు దాన్ని వారంలోపు తట్టి చూసి వెనక్కి ఇవ్వగలగడం. అది విమానం ఎక్కితే పోతుంది. టికెట్ తేదీకి రెండు శుక్రవారాల ముందు కొనండి. మొదటి శుక్రవారం రాత్రి మియా పార్కుకి వెళ్ళండి. రెండోది, అవసరమైతే, దుకాణానికి.